చదవకుండా పెట్టిన సంతకం

పామర్రు దగ్గర మా ఊరి కతోలికులు రెండుగా చీలిన ఏడాదే నాకు చదవడం, రాయడం వచ్చింది. మన మేత్రాణుల్ని, అంటే బిషప్పుల్ని, రోము నియమించడమేమిటి, ఈ దేశంవాళ్లం మనమే ఎన్నుకుందామని కొందరు వేరు సంఘం పెట్టారు. పూజ అదే, పాటలు అవే. ప్రార్థనలో పోపుగారి పేరు మాత్రం తీసేశారు. ఆదివారాలు ఒక పాత వడ్ల గోదాములో కూడేవారు. చూద్దామని నేనూ రెండు వారాలు వెళ్లాను.

వాళ్ల పెద్ద ఒక పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నా పేరు చెబితే తనే రాసుకుంటానన్నాడు. కలం నేనే తీసుకున్నాను. యాభై ఆరేళ్ల వయసులో, మధ్యాహ్నాలు సిస్టర్ల దగ్గర కూర్చుని నేర్చిన అక్షరాలవి. ఇంటిపేరుతో సహా వంకర పోకుండా రాసి, పైన ఉన్నవాళ్ల పేర్లు కూడా అతనికి చదివి వినిపించాను. పేజీ మొదట్లో ఏముందో మాత్రం చూడలేదు.

సమాధుల పండుగకు ముందు మా ఆయన సమాధికి సున్నం వేస్తుంటే, మా పాత గుడిలో ఫాదర్‌గారికి సాయంగా ఉండే ఉపదేశి వచ్చాడు. వరసకు నాకు మరిది. సమాధి పక్కన నాకోసం ఉంచిన ఖాళీ జాగా చూపించాడు.

“ఇది ఇక నీది కాదు వదినా. రోముతో సంబంధం లేదని సంతకం పెట్టావంటగా. అటు పోయినోళ్లని ఇక్కడ మట్టి చెయ్యనివ్వరు.”

సున్నం చేతులతోనే గోదాముకు వెళ్లి పుస్తకం అడిగాను. పైనున్న నాలుగు వరుసలూ కూడబలుక్కుని చదివాను. నిజమే.

ఉపదేశి మనసు మంచిది. మర్నాడే ఫాదర్‌గారికి అర్జీ రాసి తెచ్చాడు. చదువు రానిదాన్ని, తెలియక పెట్టాను, మళ్లీ చేర్చుకోండి అని. ఈసారి చివరిదాకా చదివాను. కలం తీస్తే వద్దన్నాడు.

“సంతకం పెడితే ఎవరు నమ్ముతారు? వేలిముద్ర వెయ్యి.”

“వచ్చిన చదువు రాదని చెప్పమంటావా?”

“నీకు జాగా కావాలా, చదువు కావాలా?”

మూడు రోజులు ఏ పనీ కుదురుగా చెయ్యలేదు. అన్నం రెండుసార్లు మాడింది. చివరికి ఇంకో అర్జీ నేనే రాశాను. చదవడం వచ్చు, గొప్పకు పోయి చదవలేదు, మా ఆయన పక్కన చోటివ్వండి అని. రోము గురించి ఏమీ రాయలేదు. గోదాములో ప్రార్థించినప్పుడు దేవుడు వినలేదని నాకు అనిపించలేదు మరి.

ఫాదర్‌గారు నిలబడే చదివారు. “పైకి పంపాలమ్మా. వాళ్లేమంటారో,” అన్నారు.

పైనుంచి ఇంకా కబురు రాలేదు. ఆదివారం ఎటు వెళ్లినా పూజ మధ్యలోనే లేచి వచ్చేస్తున్నాను. వీధిలో బండి ఆగితే ఫాదర్‌గారేమోనని గుమ్మంలోకి వెళ్తున్నాను.