తాళం తీసేసిన మీటర్లు

ఆ ఎనిమిది అంతస్తుల భవనంలో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ అతను బ్యాటరీయే. అరవై నాలుగు ఇళ్లలో సింకుల కింద బిగించిన నీళ్ల మీటర్లకు బ్యాటరీలు మార్చడం అతని పని. నలభై దాటిన మనిషి, బొద్దింకలకు ఎదురుగా బోర్లా పడుకుని చెయ్యాలి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి.

ఏ ఇంట్లో ఎన్ని నీళ్లు వాడారో ఆ మీటర్లు పావుగంటకోసారి డాబా మీది పెట్టెకు గాలిలోనే కబురు పంపుతాయి. పంపే ముందు 'నువ్వెవరు, నేనెవరు' అని రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, మధ్యలో ఇంకెవరికీ అర్థం కాకుండా కబురుకు తాళం వెయ్యాలి. బ్యాటరీ సగం ఆ పలకరింపులకే ఖర్చయ్యేది. రోజుకోసారే కబురు పంపేలా మార్చినా సరిపోయేది. కానీ అప్పుడు ఎక్కడైనా పైపు కారితే మర్నాటి దాకా తెలియదు, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగారు చిందులు తొక్కుతారు. అందుకని మనవాడు తెలివిగా తాళమే తీసేశాడు. ఎవరింట్లో ఎన్ని నీళ్లు పోతే ఎవడికేం, విని మాత్రం ఎవడేం బావుకుంటాడు అనుకున్నాడు.

రెండేళ్లు ఒక్క బ్యాటరీ మార్చాల్సిన పని పడలేదు. కార్యదర్శిగారు అందరి ముందూ భుజం తట్టారు. ఆ పొగడ్త అతనికి బాగానే ఒంటబట్టింది.

అంతలో ఆరో అంతస్తులో దొంగలు పడ్డారు. ఊరెళ్లిన టీచరమ్మ ఇల్లు ఊడ్చుకుపోయారు. వెళ్తున్నట్టు ఆవిడ చెప్పింది వాచ్‌మన్ ఒక్కడికే. ఆ వాచ్‌మన్ బ్యాటరీకి స్వయానా బావ, అక్క మొగుడు.

"లోపలివాళ్లు చెప్పందే ఇల్లు ఖాళీ అని బయటివాడికెలా తెలుస్తుందయ్యా?" అన్నారు కార్యదర్శిగారు వాచ్‌మన్‌తో. "వారం చూస్తాను. నిజం బయటపడకపోతే గది ఖాళీ చెయ్యి."

ఆ మాట బ్యాటరీకి ముల్లులా గుచ్చుకుంది. తాళం తీసేసిన మీటర్లు గుర్తొచ్చాయి. సోమవారం పొద్దున గాలిలో కబుర్లు పట్టే ఒక చవక రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌కి తగిలించి, రోడ్డు అవతల బల్ల మీద కూర్చున్నాడు. పావుగంటలో అన్ని ఇళ్ల గుట్టూ తెర మీదికి వచ్చేసింది. ఎవరింట్లో కుళాయి తిరిగిందో, ఎవరింట్లో చుక్క కదల్లేదో, నాలుగు రోజులు వింటే ఏ ఇల్లు ఖాళీయో, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. దొంగలకు దారి చూపింది ఇదే అయ్యుండాలి.

అప్పుడే లేచి వెళ్లి చెప్పెయ్యాలా వద్దా? చెప్పలేదు మహానుభావుడు. ముందు తాళాలన్నీ మళ్లీ వేసేద్దాం, ఆ తర్వాత చూద్దాం అనుకుని సింకుల కింద దూరాడు. పిరికితనానికి పని అని పేరు పెట్టుకున్నాడు.

మంగళవారం కార్యదర్శిగారు మరో ఇద్దరితో వచ్చి మెట్ల కింద ఉన్న వాచ్‌మన్ గది సోదా చేశారు. మంచం ఎత్తారు, అక్క బట్టలు ఒక్కొక్కటీ దులిపారు. "ఇటు కాస్త వెలుతురు చూపించు" అంటే టార్చి పట్టుకున్నది బ్యాటరీయే. బావ నేలచూపులు చూస్తున్నాడు. అక్క మాత్రం తలెత్తుకునే నిలబడింది. ఏమీ దొరకలేదు. తమ్ముడు టార్చి ఆర్పి మళ్లీ సింకుల కిందికే పోయాడు.

శనివారం మధ్యాహ్నం బావ పరుపు చుట్టి తాడు కడుతుంటే చూశాడు. ఇక ఆగలేకపోయాడు. తిన్నగా కార్యదర్శిగారి దగ్గరికెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"తాళం తీసింది నేనేనండి. బావకేం సంబంధం లేదు. ఇదిగో, మీ మీటరుకింకా మళ్లీ తాళం వెయ్యలేదు, ఈ పావుగంటలో మీ ఇంట్లో ఎవరో నీళ్లు వాడారు. రోడ్డు మీద కూర్చుంటే ఎవడికైనా తెలిసిపోతుంది."

ఆయన తెర వంక చూశారు. లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి వాచ్‌మన్‌ని ఉండమన్నారు, బ్యాటరీని సోమవారం నుంచి రావద్దన్నారు. అది న్యాయమే అనిపించింది అతనికి.

కిందికి దిగి అక్కకీ బావకీ అంతా చెప్పాడు. బావ తాడు ముడి విప్పుతూ విన్నాడు.

"పోనీలేరా, చివరికైనా చెప్పావు" అన్నాడు.

అక్క అడిగింది, "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"సోమవారం, అక్కా."

ఆమె మొగుడి చేతిలోంచి పరుపు అందుకుంది.

"వాళ్లు నా బట్టలు దులుపుతుంటే, నువ్వు పక్కనున్నావనేరా నేను ధైర్యంగా నిలబడింది" అంది.

గొంతులో కోపం కూడా లేదు. పరుపు మళ్లీ మంచం మీద పరుచుకుంది. అతన్ని మాత్రం కూర్చోమనలేదు.