లలితక్క వెతికిన ఎయిర్‌బ్యాగ్

వేరేవాళ్లు వాడిన కారు తలుపు తెరిస్తే ఒక వాసన వస్తుంది. ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్, సీట్లలో ఇంకిన అత్తరు, ఎప్పుడో ఎవరో నమిలిన సోంపు, అన్నీ కలిసిన వాసన. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర పాత కార్ల విడిభాగాలు అమ్ముతాను కాబట్టి నాకది రోజూ తగిలేదే. తగిలిన ప్రతిసారీ లలితక్క గుర్తొస్తుంది. ఈ పని నేర్పింది ఆమే.

మా నాన్న సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి ఇక్కడికి వచ్చాడు. నేను పన్నెండో తరగతి పూర్తిచేసి లలితక్క దుకాణంలో చేరాను. ఆమెది జగిత్యాల వైపు పల్లె. భర్తకు పక్షవాతం వచ్చి మంచాన పడితే, ఆయన నడిపే దుకాణాన్ని తానే చేపట్టింది. గుజరాతీ వ్యాపారులు ఆమెను లలితాబెన్ అనేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఏ సామాను కొన్నా ముందు ధర అడిగేది కాదు. "ఏ బండిది? ఆ బండికి ఏమైంది?" అని అడిగేది. నేను చేరిన కొత్తలో, అద్దం కొనడానికి కూడా ఇంత విచారణ ఎందుకక్కా అన్నాను. "మనింటికి కోడల్ని తెచ్చుకుంటే ఊరు పేరు అడగమా? ఇదీ గంతే," అంది, అద్దాన్ని కొంగుతో తుడుస్తూ.

ఒక వానాకాలం హజీరాలో ఇంజనీరుగా పనిచేసే శ్రీనివాస్ గారు వచ్చారు. రాజమండ్రి మనిషి. ముచ్చటపడి ఒక పెద్ద విదేశీ కారును సెకండ్ హ్యాండులో కొన్నారు. కొన్ని నెలలకే అది ముందున్న టెంపోను గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు గాని, స్టీరింగులోని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది. ఒకసారి తెరుచుకున్నది మళ్లీ పనికిరాదు. కొత్తది విదేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమని కంపెనీవాళ్లు అన్నారట. దెబ్బతిన్న మిగతావన్నీ మా పక్కనున్న గ్యారేజీలో మార్పించారు. మిగిలింది ఎయిర్‌బ్యాగూ, దాని హెచ్చరిక లైటూ.

"పాతది దొరికితే పెట్టించండి. లేదంటే ఆ ఎర్ర లైటు కనబడకుండా చేసేయండి, చాలు. ఎలాగూ ఊళ్లోనే కదండీ తిరిగేది," అన్నారాయన.

అక్క ఆయన మొహంలోకి చూసింది. "లైటు ఆర్పుడు మా పని కాదు సార్. బండి ఎవరు నడుపుతరు?"

"ఎక్కువగా మా ఆవిడేనండీ. రోజూ కాలేజీకి వెళ్లాలి."

"అట్లయితే ఆమెను ఒకసారి తోలుకరాండ్రి."

ఆయనకది నచ్చలేదు. ఆవిడకు ఇవన్నీ తెలియవన్నారు. తర్వాత చూద్దామని వెళ్లిపోయారు.

మేము వెతకడం మొదలుపెట్టాం. అదే మోడల్, అదే ఏడాది ఉండాలి. వెనక ఉండే నంబరు, వైరు తగిలించే చోటు సరిగ్గా కలవాలి. కొన్నాళ్లకు సలాబత్‌పురాలోని ఒక వ్యాపారి అచ్చం అలాంటిదే తెచ్చాడు. నంబరు కలిసింది, పైన గీత కూడా లేదు. నాకు గంతులు వేయాలనిపించింది. అక్క మాత్రం తన ప్రశ్న తాను అడిగింది. అతను దాచలేదు. వరద నీళ్లలో నిలిచిపోయిన కారు నుంచి తీశానన్నాడు. లోపల తడి చేరినది అవసరానికి తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు. అక్క దాన్ని మెల్లగా తిరిగి అతని ముందుకే జరిపింది.

ఆ సంగతి ఫోనులో చెబితే శ్రీనివాస్ గారికి కోపం వచ్చింది. "ఆరిపోయాక ఇంకేముంటుందండీ? మీరు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు," అన్నారు. "పెడతరు సార్. నేనైతే పెట్టను," అంది అక్క. బేరం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు దుకాణం తెరిచేసరికి ఒకావిడ నిలబడి ఉంది. శ్రీనివాస్ గారి భార్య, వసుంధర గారు. "నన్ను రమ్మన్నారట కదా. ఆయన విసుక్కుంటూ చెప్పారు. నాకు మాత్రం, ఎవరో నన్ను అడిగారే అనిపించింది," అంది. అక్క ఆవిడకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, తాను వద్దన్న ఎయిర్‌బ్యాగుకు ఏమైందో అంతా చెప్పింది. ఆవిడ విని, "వెతకండి. అప్పటిదాకా నేను బస్సులో వెళ్తాను," అంది.

చివరికి వాపి దగ్గర పాత కార్లు విడగొట్టే ఒక యార్డులో అదే రకం కారు ఉందని తెలిసింది. అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ కారు వెనక భాగం నుజ్జునుజ్జయింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. వెనక సీటు సందులో ఒక చిన్నపిల్ల జడక్లిప్పు ఇరుక్కుని ఉంది. అది చూసి అక్క ఆగిపోయింది. యార్డు యజమానిని హిందీలో అడిగింది, ఇందులో ఉన్నవాళ్లు ఏమయ్యారని.

"సబ్ సలామత్, బెన్. ఎవరికీ ఏమీ కాలేదు. కారు నిలిపి కిందికి దిగాక లారీ గుద్దింది," అన్నాడతను.

అక్క ఊపిరి వదిలి, ఆ జడక్లిప్పును తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. అప్పుడు గాని నంబరు చూడమని నాకు చెప్పలేదు.

నంబరు కలిసింది, కొని తెచ్చాం. పక్క గ్యారేజీ మెకానిక్ శ్రీనివాస్ గారి కారు బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, దాన్ని జాగ్రత్తగా బిగించాడు. కంప్యూటరు పెట్టి చూస్తే తప్పేమీ కనబడలేదు. తాళం చెవి అక్క వసుంధర గారి చేతికే ఇచ్చింది. "ఇది కొత్తదాని లెక్క అని నేను చెప్పనమ్మా. నంబరు కలిసింది, నీళ్ల బండిది కాదు, మిషను మంచిగనే చూపెడుతుంది. లోపల ఎట్లున్నదో తెరిచి చూసెతందుకు రాదు. గది మాత్రం నాకు తెల్వదు. కొత్తది వచ్చినంక మార్చుకుంటనన్నా మంచిదే. నువ్వే ఆలోచన చేసుకో." ఆవిడ స్టీరింగు మీద అరచేయి ఆనించి కొంతసేపు కూర్చుంది. తర్వాత కారు తనే నడుపుకుంటూ వెళ్లింది. శ్రీనివాస్ గారు పక్క సీట్లో కూర్చున్నారు.

కొన్నేళ్లకు అక్క భర్తను తీసుకుని జగిత్యాల వెళ్లిపోయింది. దుకాణం నాకు అప్పజెప్పింది. మొన్న వసుంధర గారు ఆ కారులోనే వచ్చారు. ఇన్నేళ్లలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే అవసరమే రాలేదట. సాయంత్రం ఫోనులో చెబితే అక్క నవ్వింది. "తెరుచుకోలేదా? గంతకంటె మంచి ముచ్చట ఏముంటది బిడ్డా," అంది. పెట్టిన సామాను మంచిదో కాదో ఎప్పటికీ తేలకూడదని కోరుకుంటూ అంత శ్రద్ధగా చేసే పని ఒకటుంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజు కారు నడుపుకుంటూ వచ్చింది వసుంధర గారు కాదు, వాళ్లమ్మాయి. కొత్తగా లైసెన్సు తీసుకుందట. ఎయిర్‌బ్యాగ్ పాతబడింది కదా, మార్చాలా అని వసుంధర గారు నన్ను అడిగారు. నేను రెండో కుర్చీ తెచ్చి ఆ అమ్మాయిని కూర్చోమన్నాను. నాకు తెలిసింది ఏమిటో, తెలియనిది ఏమిటో ఆమెకే చెప్పడం మొదలుపెట్టాను.