లోపలి బ్రాకెట్

సూర్యాపేటలో కోదాడ బస్సెక్కి కూర్చోగానే ఫోన్‌లో మా లిస్ప్ గ్రూపు తెరిచాను. లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఇష్టపడి నేర్చుకునేవాళ్ల గ్రూపు అది. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఒక వరుస రాసి పంపి, ఇన్ని బ్రాకెట్లను ఎలా చదవాలని అడిగింది. "ముందు పుస్తకం చదివి రామ్మా" అని జవాబిచ్చాను. నలుగురు నవ్వే బొమ్మలు పెట్టారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ అమ్మాయి మళ్లీ మాట్లాడలేదు.

పక్కసీటులోని పెద్దావిడ నా ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఏంది బిడ్డా, గిన్ని బ్రాకెట్లు?"

"ప్రోగ్రామ్ అమ్మా. మీకు అర్థం కాదు."

"నేను లెక్కల టీచర్నే. జర సూడనియ్యి." అన్నిటికన్నా లోపలి బ్రాకెట్ మీద వేలు పెట్టింది. "గీ మూడూ నాలుగూ కలిపితే ఏడు. బయటున్న రెండుతోని గుణిస్తే పద్నాలుగు. గంతేనా?"

అంతే. అది ఒంటబట్టడానికి నాకు ఆరు నెలలు పట్టిందని ఒప్పుకున్నాను.

"ఆరు నెలలా?" అని ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

"మా ఆరో తరగతోళ్లు ఏటా గిదే అడుగుతరు."

"విసుగు రాదా టీచర్?"

"ఎందుకొస్తది? నాకు పాతదే గని, అడిగే పిల్లకు కొత్తదే గద."

టీచర్ మునగాలలో దిగిపోయింది. నేను రాసింది తీసేసి, అమ్మాయిని క్షమించమని అడిగి, నాకు పట్టిన ఆరు నెలల సంగతీ, లోపలి బ్రాకెట్ సంగతీ రాశాను.

కోదాడ చేరేలోపే ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న పంపింది. అదీ పాతదే. బస్టాండు బెంచీ మీద కూర్చుని సంతోషంగా జవాబు రాశాను.