కేసు వీర్రాజు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. మా వట్లూరు కాలనీలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇది రాస్తున్నానంటే నాకే చిత్రంగా ఉంది.

ఉద్యోగాలకు ఎంపికైనవాళ్ల మీద పోలీసు, కోర్టు కేసులేమైనా ఉన్నాయేమో వెతకడం నా పని. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇంత ఆరా తీయరు. పేరు, తండ్రి పేరు, ఊరు కొట్టి చూస్తాను. మూడూ కలిస్తే ఆ మనిషి ఉద్యోగం ఆగిపోయినట్టే. మొదట్లో బాధపడేదాన్ని. తర్వాత ఏమీ అనిపించేది కాదు.

కొల్లేరు పక్క ఊరి కుర్రాడు ఒకడికి తాడేపల్లిగూడెంలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. వీర్రాజు, తండ్రి కోటయ్య. కోర్టు వెబ్‌సైట్‌లో అదే పేరు, అదే తండ్రి పేరు, అదే ఊరు. చేపల చెరువు గట్టు దగ్గర కొట్లాట, జరిమానా పడింది. అందులో వయసు లేదు. కేసు సంగతి ముందుగా ఆ మనిషికి చెప్పకూడదన్నది మా రూలు. అడ్రసు సరిచూసి, ఆ కేసు అతని పేరిట రాసి పంపేద్దామని ఏలూరు నుంచి స్కూటీ మీద వెళ్లాను.

మధ్యాహ్నం. ఆ రోజు చెరువులో చేపలు పడుతున్నారట, వీధిలో ఎవరూ లేరు. ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో అడ్రసు చూసుకుంటూ, "వీర్రాజు గారి ఇల్లు ఇదేనా అండి?" అని అడిగాను.

"ఏ వీర్రాజమ్మా? ఉజ్జోగం వీర్రాజు చెరువు కాడికెళ్లాడు. కేసు వీర్రాజైతే నేనే."

నేను కేసు మాట ఎత్తలేదు.

"ఆడికి నా పేరే పెట్టారమ్మా. ఆడి నాన్నకి మా నాన్న పేరు. కోర్టు కాయితాల్లో వయసు చూడండి, అరవై ఎనిమిది అని రాసుంటది."

మా వైపు ఇది మామూలే. తాత పేరు మనవడికి పెడతారు, తండ్రి పేరు కూడా అలాగే తిరిగి వస్తుంది. ఆ సంగతి తెలిసీ నాకు తట్టలేదు. ఫోన్‌లో రాసుకుని తలెత్తేసరికి అరుగు ఖాళీగా ఉంది. పెరట్లోకి వెళ్లాడనుకున్నాను. కోర్టులో కాగితాలు తీయించాను. అరవై ఎనిమిదే. ఈ కుర్రాడికి సంబంధం లేదని రిపోర్టు పంపాను.

ఉద్యోగం ఖాయమయ్యాక, కంపెనీలో నా నంబరు తీసుకుని అతను ఫోన్ చేశాడు. "చాలా థాంక్సండి" అన్నాడు. "మీ తాతగారికి చెప్పండి. ఆ కేసు మీది కాదని ఆయన చెప్పబట్టే తెలిసింది" అన్నాను.

"తాత పోయి రెండేళ్లయిందండి" అన్నాడు.

నాకు భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. అంతలో పక్కనే వింటున్న అతని నాయనమ్మ ఫోన్ లాక్కుంది.

"మాకెవరికీ కల్లోకైనా రాలేదమ్మా. మీకు కనబడ్డాడా? ఎలా ఉన్నాడు? మనిషి చిక్కాడా?"

అప్పుడు తెలిసింది, నేనాయన మొహం చూడనే లేదు. ఉన్నంతసేపూ ఫోన్‌లోకే చూస్తున్నాను. గొంతు గుర్తుంది, అంతే. ఎన్నో ఏళ్ల తర్వాత నాకు ఏడుపొచ్చింది.

"బాగానే ఉన్నారండి" అన్నాను.

ఊళ్లో వేరే ముసలాయనెవరో నన్ను ఆటపట్టించాడేమో అనుకుని చూశాను. కానీ నేను కేసు పని మీద వచ్చానని ఎవరికి తెలుసు? ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారో నేను ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. అదే అడుగుతుంది. నేనూ అదే చెబుతాను.