మా అవ్వ రాగిపాల చాక్లెట్

మా అవ్వ సొన్నమ్మ లెక్కలో మనుషులు రెండు రకాలు: పాలు తాగేవాళ్ళు, ఇంకా తాగనివాళ్ళు. రెండో రకంవాళ్ళు మా గడప దాటి లోపలికి వస్తే ఎక్కువసేపు రెండో రకంగా ఉండలేరు. కరెంటు మీటరు చూసేందుకు వచ్చినవాడికీ గ్లాసెడు పాలే, మామిడితోట బేరానికి శ్రీనివాసపురం నుంచి వచ్చిన వ్యాపారికీ గ్లాసెడు పాలే. ఎవరైనా వద్దంటే "ఏం, నా కెంపి మీద అనుమానమా?" అని అడుగుతుంది. కెంపి ఆమె ఎర్రావు. దాని మీద అనుమానముందని అవ్వ మొహం మీద చెప్పగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషికి పాలు పడని మనవరాలు పుట్టింది.

శ్రీరక్ష మా చిన్నాయన నాగేశ్ కూతురు. బెంగళూరులో మూడో తరగతి చదువుతోంది. చుక్క పాలు లోపలికి పోయినా ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, వాంతులవుతాయి. డాక్టరు చెప్పాడు, చిన్నాయన చెప్పాడు, మా చిన్నమ్మ కుముద ఎన్నోసార్లు చెప్పింది. అవ్వ అందరికీ తలూపింది. తలూపి, పోయిన ఏడాది సెలవుల్లో పాప తినే రాగిముద్దలో వేడివేడి నెయ్యి పోసి పెట్టింది. నెయ్యికీ పాలకూ చుట్టరికమే లేదన్నట్టు ఆ రాత్రి దాకా ఎవరికీ చెప్పలేదు. పాపను ఎత్తుకుని రాబర్ట్‌సన్‌పేట ఆస్పత్రికి పరుగెత్తాం. అప్పటినుంచి చిన్నమ్మ పాపను మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచలేదు. పొద్దున బస్సులో దిగుతారు, సాయంత్రం బస్సెక్కుతారు. బస్సు మలుపు తిరిగేదాకా అవ్వ రోడ్డు మీదే నిలబడి, కొట్టంలోకి వెళ్ళి కెంపితో మాట్లాడుతుంది. నాతో మాత్రం మాట్లాడదు.

ఈ డిసెంబరులో చిన్నమ్మ ఫోను చేసింది. అవ్వకు వినబడాలని నేను స్పీకరు పెట్టాను.

"అత్తా, క్రిస్మస్ సెలవులన్నీ అవ్వ దగ్గరే ఉంటానని పాప ఒకటే పట్టు పట్టి ఉండాది. ఆదివారం వస్తాము. మీ వంట నేను పక్కన నిలబడి చూస్తాను. నాకు నమ్మకం కుదిరితే పాపను వదిలి పోతాను. లేదంటే సాయంత్రం బస్సుకి మాతోనే తీసుకొని పోతాను."

"చూడమ్మా, బాగా చూడు," అంది అవ్వ. "పాపకి ఏం కావల్ల?"

"చలికి హాట్ చాక్లెట్ అడుగుతాది. పాలు లేకుండా చేయల్ల."

ఫోను పెట్టేశాక అవ్వ నా వైపు తిరిగింది. "చాక్లెట్టు కొరికేది కదే. దాన్ని తాగేదెట్ల?"

"పాలలో కాచుకొని తాగుతారు అవ్వా."

"పాలు లేకుండా అనె కదా."

"అందుకే నీకు పరీక్ష పెట్టింది. మా టీచర్లు కూడా ఇట్లే రానివే అడిగేవాళ్ళు. నేను పీయూసీ చదువు వదిలిపెట్టింది ఊరికేనా?"

"నువ్వు వదిలిపెట్టలేదు. వాళ్ళే నిన్ను పంపించినారు," అంది అవ్వ.

నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక బేకరీలో పని చేస్తాను. క్రిస్మస్ కేకుల హడావిడిలో మాస్టరును బతిమాలి చేదు కోకో పొడి కొంచెం తెచ్చాను. ముందు నీళ్ళలో బెల్లం వేసి కాచాను. అవ్వ ఒక గుక్క తాగి, మింగాలా ఉమ్మాలా అని కాసేపు ఆలోచించింది. "మీ తాత బంగారు గనిలో పని చేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు ఇట్లే ఉండేవి," అంది. తర్వాత కొబ్బరిపాలతో కాచాం. అవి మరిగి, నూనెంతా పైకి తేలింది. తాగకపోతే తలకైనా రాసుకోవచ్చన్నాను. అవ్వ నా నెత్తి మీద గరిటెతో ఒకటి వేసి, గిన్నె కింద పెట్టి కూర్చుంది.

అలా కూర్చున్నప్పుడే ఆమెకు హాలుబాయి గుర్తొచ్చింది. గౌరి పండక్కి మా ఇళ్ళలో రాగులు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండుతాం. వాటిలో బెల్లమూ కొబ్బరీ వేసి, గరిటెకు అంటుకునేదాకా కాచి, పళ్ళెంలో పోసి ముక్కలు కోస్తాం. చుక్క ఆవుపాలు లేని మిఠాయి. ఏటా తన చేత్తో చేస్తూ, అందులో పాలు లేవన్న సంగతి ఆమె ఏనాడూ గమనించలేదు.

రాగిపాలలో కోకో వేసి పొయ్యి మీద పెట్టింది. నన్ను కలుపుతూ ఉండమని చెప్పి కొట్టంలోకి వెళ్ళింది. నేను ఒక చేత్తో కలుపుతూ ఇంకో చేత్తో ఫోను చూస్తున్నాను. కాసేపటికి గరిటె దానంతటదే గిన్నెలో నిలబడింది. ఆ రోజు మేము చాక్లెట్టును కత్తితో కోసుకుని తిన్నాం. అవ్వ ఒక ముక్కను పాల డెయిరీకి తీసుకెళ్ళి, అక్కడ పాలు కొలిచే వెంకటరమణప్ప చేతిలో పెట్టింది. ఆయన నములుతూ, "ఇట్ల గట్టి పాలు తెస్తే నా మిషను విరిగిపోతాది సొన్నక్కా," అన్నాడు. మర్నాడు నీళ్ళు ఎక్కువ పోసి కాచాం. ఈసారి కొరికే పని లేదు గానీ, తాగాలంటే గ్లాసును చాలాసేపు తలకిందులుగా పట్టుకోవాలి.

గిన్నెల సంగతిలో మాత్రం అవ్వ నాకు కూడా భయం పుట్టించింది. ఇంట్లో ప్రతి గిన్నెకూ పాల వాసన ఉందని, బజారుకు వెళ్ళి కొత్త గిన్నె, కొత్త గరిటె కొనుక్కొచ్చింది. వాటికి ఎర్రదారం కట్టి, నా బట్టల పెట్టెలో దాచింది. వంటకు ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. అంత జాగ్రత్తపడిన మనిషి ఒక్క సంగతి మరిచిపోయింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పాలు పిండి తెచ్చాక, డెయిరీ క్యాన్‌లో పోయకముందే, పొయ్యి మీద ఏ గిన్నె ఉంటే ఆ గిన్నెలో చెంబు వంచి ఒక చుక్క వేయాలి. రసమైనా సరే, ఉడికే ఉలవలైనా సరే. ఇంటికి పెట్టకుండా బయటికి పోస్తే పాడి నిలవదని అవ్వకు ఆమె అత్త చిన్నవెంకటమ్మ నేర్పింది. ఆ ముసలమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. అవ్వ చెయ్యి ఇంకా ఆమెకు భయపడుతూనే ఉంది.

ఆదివారం పొద్దున బస్సు దిగారు. చిన్నమ్మ బడిలో టీచరు. వంటింట్లోకి పరీక్ష హాల్లోకి వచ్చినట్టే వచ్చి, అటకలు చూసింది, పొయ్యి గట్టు తడిమింది, ఎర్రదారం గిన్నెను వాసన చూసింది. మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ కూర ఏ తప్పూ లేకుండా గడిచిపోయాయి. శ్రీరక్ష మాత్రం ఖాళీ గ్లాసు పట్టుకుని అవ్వ వెనకే తిరిగింది.

"అవ్వా, నా చాక్లెట్ యాడ?"

"వస్తా ఉండాదమ్మా. బెంగళూరు నుంచి నువ్వు వచ్చేదానికే ఇంతసేపు పట్టె కదా."

సాయంత్రం చలిగాలి మొదలయ్యాక అవ్వ గిన్నె పొయ్యి మీద పెట్టింది. చిన్నమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది. రాగిపాలు ఉడికాయి. మంట తగ్గించి అవ్వ కొబ్బరిపాలు కలిపింది. చిన్నమ్మ మొహంలో గీతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. పాప సంచిలో స్వెటరు వెతకడానికి ఆమె వసారాలోకి వెళ్ళింది. అప్పుడే కొట్టంలో కెంపి అరిచింది, దాని వేళ అయింది మరి. అవ్వ వెళ్ళి పిండుకుని, చెంబుతో వంటింట్లోకి వచ్చి, నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి, చెంబు వంచింది.

ఒక్క చుక్క. చాక్లెట్టు మీద తెల్లగా కనిపించి, మునిగిపోయింది.

అవ్వ చెంబు వెనక్కి లాక్కుంది. గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. చూసినవాళ్ళం మేమిద్దరమే. బయట చిన్నాయన పాప బట్టల సంచి లోపల పెట్టాలా, బస్సుకు తీసుకెళ్ళాలా తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మాడిపోయిందని చెప్పి పారబోద్దాం అవ్వా," అన్నాను గుసగుసగా.

"మాడితే వాసన రావల్ల కదే. పిల్లలకి పాఠం చెప్పే మనిషి, ఆ మాత్రం తెలీదా?" అంది. తర్వాత గొంతు పెంచింది. "కుముదా, ఇట్ల రామ్మా."

చిన్నమ్మ స్వెటరుతో వచ్చింది.

"ఇది పాపకి పోయొద్దు. పాల చుక్క వేసేసినాను."

"అత్తా..."

"నేను వేయలేదు, ఈ చెయ్యి వేసింది. నా మాట కంటే మా అత్త మాటే దీనికి ఎక్కువ. ఇంగ నీ ఇష్టం."

చిన్నమ్మ గిన్నెలోకి చూసింది. అందులో ఏమీ కనిపించలేదు.

"మీరు చెప్పకుంటే నాకు తెలిసేదే లేదు అత్తా."

"నీకు తెలిసేది లేదు. పాప ఒంటికి తెలిసేది."

"పోయినేడు నెయ్యి సంగతి రాత్రి దాకా చెప్పలేదే మీరు?"

"అప్పుడు నాకు నెయ్యి మీద నమ్మకం. ఇప్పుడు దద్దుర్ల మీద నమ్మకం," అంది అవ్వ.

చిన్నమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది గానీ నేను ముందే నవ్వేసి చెడగొట్టాను. ఇంతలో శ్రీరక్ష గ్లాసుతో వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, "నా చాక్లెట్ అయిపోయిందా?" అంది. కింది పెదవి అప్పటికే వణుకుతోంది.

"అయిపోలేదు. ఇప్పుడే మొదలు," అంది అవ్వ. చెంబు తీసుకెళ్ళి బయట పెట్టి, మోచేతుల దాకా మళ్ళీ కడుక్కుంది. గుడ్డలో మిగిలిన రాగిపిప్పిని రోట్లో వేసి, నీళ్ళు చల్లి మళ్ళీ రుబ్బింది. రెండోసారి పిండితే పాలు పలచగా వచ్చాయి. కాచడానికి గిన్నె లేదు, ఎర్రదారం గిన్నె చెడింది. చిన్నమ్మ తన సంచిలోంచి కాగితం చుట్టిన కొత్త గిన్నె తీసింది. గరిటె కూడా తెచ్చింది.

"అంటే నన్ను నమ్మకుండానే వచ్చినావు," అంది అవ్వ.

"నమ్మలేదత్తా," అంది చిన్నమ్మ, కొబ్బరి తురుముతూ.

ఆ రెండోపాల దగ్గరే కిటుకంతా ఉంది. మొదటి పాలతో కాచి కాచి మేము ముద్ద చేసుకున్నాం. ఇవి ఎంత ఉడికినా గరిటెను నిలబెట్టలేదు. కోకో, బెల్లం, చిటికెడు శొంఠి వేసి ఉడికించి, దించాక కొబ్బరిపాలు కలిపితే నూనె కూడా తేలలేదు. శ్రీరక్ష పొయ్యి పక్కనే కూర్చుని ఊదుకుంటూ తాగింది. గోధుమరంగు మీసం వచ్చింది. ఖాళీ గ్లాసును అవ్వ ముందుకు తోసి, "ఇంకోటి," అంది. అవ్వ ఆ గ్లాసును రెండు చేతులతో అందుకుంది. పాల పోటీలో మా కెంపి గెలిచినా అంత మురిసేది కాదు.

రోడ్డు మీద బస్సు హారను మోగింది. చిన్నాయన సంచి ఎత్తి చిన్నమ్మను చూశాడు.

"మన సంచి తీసుకోండి," అంది ఆమె. "పాప సంచి లోపల పెట్టండి."

చుక్క పడిన గిన్నె నాకు దక్కింది. పాలు పడేవాళ్ళం కూడా ఇంట్లో ఉండడం ఎంత అవసరమో ఆ రోజు అందరికీ తెలిసింది.

సెలవులన్నీ శ్రీరక్ష మా ఇంట్లోనే ఉంది. అవ్వ పాలచెంబుతో కొట్టంలోంచి వచ్చేసరికి పొద్దున, సాయంత్రం పాప వంటింటి గుమ్మంలో రెండు చేతులూ అడ్డంగా చాచి నిలబడేది.

"అవ్వా, చెయ్యి చూసుకో," అనేది.

అవ్వ గుమ్మం బయటే ఆగి, వెనక్కి తిరిగి, ఆ చుక్కను కెంపి దూడ నోట్లో వేసేది. అదీ ఇంటిదే కదా అని తన అత్తకు సర్దిచెబుతున్నట్టు గొణుక్కునేది. చిన్నవెంకటమ్మ ఒప్పుకుందో లేదో మాకు తెలియదు. దూడ మాత్రం అడ్డు చెప్పలేదు.