ఊదారంగుకు ఒక సూదిపోటు

పోయిన వారం విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన ప్రసంగం ఉందని తెలిసి, తార్నాకలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి, పాత అలవాటు కొద్దీ రెండో వరుసలో కూర్చున్నాను. కప్ప పిండంలో మెదడు ఏర్పడే దశలో ఏ జన్యువు ఏ చోట పనిచేస్తుందన్నది విషయం. ఒకప్పుడు నా వయసును తినేసిన విషయమే. తెరమీద తోకకప్ప తల రంగురంగులుగా గిర్రున తిరుగుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి, ఆ రంగు మెదడు గోడలో ఉన్నదా, లోపలి బోలులో చిక్కుకున్నదా, సరిపోల్చడానికి మరో పిండం ఉంచారా అని అడిగాను. ప్రసంగించినాయన మర్యాదగానే, "మేడమ్, అదంతా సాఫ్ట్‌వేర్ క్లీన్ చేస్తది" అన్నాడు. ఎలా చేస్తుందని అడిగేలోపే అధ్యక్షులవారు టీ చల్లారిపోతోందని సభ ముగించారు.

మా రోజుల్లో అందరం నిజాయితీపరులమని రాయబోయి కొట్టేశాను. అందుకు నా దగ్గర ఆధారం లేదు. ఆధారం ఉన్న ఒక్క సంగతే చెబుతాను.

మా ప్రయోగశాలకు పిండాలు వాన పడితేనే దొరికేవి. తొలకరికి హాస్టళ్ళ వెనక పల్లంలో నీళ్ళు నిలిచి, కప్పలు గుడ్లు పెడితే, అడిక్‌మెట్ గదిలో ఉండే నేనూ, మల్కాజ్‌గిరి నుంచి రైల్లో వచ్చే నా సహాధ్యాయినీ చీరలు ఎగదోపుకుని, జిగురుజిగురుగా తేలే ఆ ముద్దలను గాజు గిన్నెల్లోకి ఎత్తుకొచ్చేవాళ్ళం. ఆ వానలు దాటితే మళ్ళీ ఏడాదికే. కప్పల వల్ల మేనమామ కూతురి పెళ్ళికి రాలేనని కబురు చేస్తే, ఆ మాట చుట్టాలతో అనలేక, మా అమ్మ నాకు జ్వరమని చెప్పుకుంది.

జన్యువు పనిచేస్తున్న చోట మాత్రమే అంటుకునే ద్రవంలో పిండాన్ని నానబెట్టి, కడిగి, రంగు తేల్చేవాళ్ళం. ఒక ఏడు, నా పరిశోధన గడువు దాంతో సరి; ఫలితం చూపిస్తేనే పొడిగింపు, లేకుంటే పెట్టె సర్దుకోవడమే. అటువంటి వేళ సూక్ష్మదర్శిని కింద మెదడంతా నిండు ఊదారంగులో కనిపించింది. కడప వైపు నుంచి వచ్చిన మా ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకుని చూసి పొంగిపోయారు. ఎక్కడా అంటుకోకూడని ద్రవంలో నానబెట్టి, కేవలం సరిపోల్చడానికి ఉంచిన పిండం తల కూడా ఊదాగానే ఉందని చూపించాను.

"రంగొచ్చింది కదమ్మా, ఇంగేం కావల్ల నీకు?" అన్నారాయన విసుగ్గా.

బయటికి రాగానే నా సహాధ్యాయిని అందుకుంది. "సార్ ఖుషీగున్నడు, గడువు పోతే నీదే పోతది. నడుమ నీ అనుమానమేందే? పెండ్లిచూపులకు గూడ ఇంకో పిలగాన్ని పక్కన కూసోబెట్టి సరిపోలుస్తవు నువ్వు!"

నవ్వాను గాని అనుమానం వదల్లేదు. ఆ దశలో మెదడు ఒక బోలు గొట్టం. లోపలికి పోయిన ద్రవం బయటికి దారిలేక, కడిగినా పోకుండా, అక్కడే రంగు తేలుతుందేమో. వానలు వెనకబట్టాయి, దాచి ఉంచిన పిండాలు కొన్నే మిగిలాయి. ప్రతిదాని నడినెత్తిన సన్నని సూదితో ఒక పోటు పొడిచి, ద్రవం బయటికి పోయే దారి చేసి, ప్రయోగం మొదటి నుంచీ చేశాను. సరిపోల్చే పిండం తెల్లగా తేలింది. జన్యువు కోసం నానబెట్టినదాంట్లో ఆ వైభవమంతా పోయి, మెదడు వెనకభాగంలో వెంట్రుకంత ఊదా గీత ఒక్కటి మిగిలింది.

ప్రొఫెసరుగారు చాలాసేపు చూసి, "ఇంతేనా?" అన్నారు. గడువు నిర్ణయించే కమిటీ కూడా దాదాపు అదే అంది. ఆ గీత నిజమని రుజువు చేయడానికి ఇంకొక్క వాన కావాలన్నాను, ఇవ్వలేదు.

మరుసటి తొలకరికి, విద్యానగర్‌లో నేను పాఠాలు చెప్పుకుంటున్న కాలేజీకి నా సహాధ్యాయిని వచ్చింది. నీళ్ళు కారుతున్న గొడుగు ముడవనైనా ముడవకుండా, "ఉన్నదే, నీ గీత గాడ్నే ఉన్నది" అంది. ఆమె కూడా సూదితో పొడిచాకే చూసిందట. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషానికి సరిపోల్చదగినది ఇంతవరకూ దొరకలేదు.

ఆ పల్లంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ప్రసంగం నుంచి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. కప్పల అరుపు వినిపించలేదు, కప్పలు తగ్గిపోయాయని మాత్రం రాయను, నా చెవులూ మునుపటివి కావు. ఇప్పటివారికి పిండాలు ఏ రోజు కావాలంటే ఆ రోజు దొరుకుతాయట, వాన కోసం ఆగే పనే లేదట. తెరమీద తిరిగిన ఆ తలలో మెదడెంతో, చిక్కుకున్న రంగెంతో నాకింకా తెలియదు. తెలుసుకోవడానికి ఈసారి నేను వాన అడగలేదు. టీ చల్లారేంత సేపు అడిగాను.