కానుగ మొక్కకు పాట

కుండీల్లో తడి మట్టి వాసన వస్తే చిత్తూరులో మా పక్కింటి టీచరమ్మ గుర్తొస్తుంది. ఆవిడ రోజూ డాల్డా డబ్బాతో కానుగ మొక్కకు నీళ్లు పోస్తూ, దేవుడిచ్చిన నేలనూ చెట్లనూ మనమే కాపాడాలనే చర్చి పాట పాడేది. మా అవ్వ శ్లోకం చదవనిదే తులసికి నీళ్లు పోసేది కాదు. అందుకే పాట లేనిదే కానుగ కూడా నీళ్లు తాగదనుకున్నాను.

ఒక వేసవిలో ఆవిడ ఊరెళ్తూ మొక్కను నాకు అప్పజెప్పింది. పాట రాదని చెప్పడానికి భయమేసి, రోజూ తులసి శ్లోకమే చదివి నీళ్లు పోశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి మొక్క చిగురేసింది.

"మీ పాట రాదు టీచరమ్మా, మా శ్లోకం చదివినాను," అన్నాను.

"నీళ్లు పోసినావు గదా పాపా, ఆ పాటంటే అదే," అంది.

నేర్పడం ఇష్టంలేక అలా అంటోందని అలిగాను.

ఆ పాట నాకు ఇప్పటికీ రాదు. కుండీలకు మాత్రం రోజూ నీళ్లు పోస్తాను.